వద్దనగలిగిన కలం

(గుండు హనుమంతరావు గారి స్మృతిలో, కలికిరిలో చేసిన ప్రసంగ పాఠం)

గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరి 19న మనల్ని వదిలి వెళ్లారు. విజయవాడ నాటకాల మీద పెరిగిన మనిషి, 1987లో జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట'తో తెర మీదికి వచ్చి, ఆ తర్వాత వందల సినిమాల్లో కనిపించిన నటుడు. అయినా మదనపల్లెలోనో పుంగనూరులోనో ఆయన బొమ్మ చూపించి ఇతనెవరని అడిగితే, ఆ సినిమాల పేర్లకన్నా ముందు నోటికొచ్చే మాట 'ఆంజనేయులు'. 'అమృతం' సీరియల్‌లో ఆంజనేయులు. నటుడి సొంత పేరును పాత్ర పేరు కప్పేయడం తెలుగు టెలివిజన్‌లో అరుదు, హాస్యపాత్ర విషయంలో మరీ అరుదు. ఆయన్ని తలుచుకోవడానికి ఆయన నటనను పొగిడితే చాలదనిపించింది. ఆ ఆంజనేయుల్ని ఊహించిందెవరు, ఏ ఏర్పాటులో ఆ పాత్ర అన్నేళ్లు చెక్కుచెదరకుండా బతికింది అని అడగడమే ఆయనకు ఇవ్వదగిన గౌరవం అనుకుంటున్నాను. ఆ సీరియల్‌ను ఊహించింది, రాసింది, నిర్మించింది గున్నం గంగరాజు గారు. రాసినవాడూ డబ్బు పెట్టినవాడూ ఒక్కరే కావడం యాదృచ్ఛికం కాదని, 'అమృతం' నిలవడానికి అసలు కారణం అక్కడే ఉందని నా వాదన. టెలివిజన్ హాస్యరచయితకు కావలసింది మంచి మాట రాసే నేర్పు ఒక్కటే అయితే తెలుగులో దానికి కొదవ లేదు. ఆ మాటను చెడగొట్టే ఒత్తిళ్లకు 'వద్దు' అని చెప్పగలిగే స్థానం కూడా కావాలి. ఆ స్థానం మన దగ్గర రచయితలకు చాలా తక్కువసార్లు దొరికింది.

ముందు కాలక్రమం చూద్దాం. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. ఒకటే చానెల్, అదీ ప్రభుత్వానిది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి 'ఆనందోబ్రహ్మ' వంటి హాస్య ధారావాహికలు జనానికి దగ్గరైంది ఆ రోజుల్లోనే. ప్రకాశం జిల్లా యాసను, ఒక చిన్న ఉద్యోగి నిట్టూర్పును కలిపి నవ్వించిన ధర్మవరపు గారు తర్వాత సినిమాల్లో స్థిరపడి, 2013 డిసెంబర్‌లో కన్నుమూశారు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఆరు నెలల తేడాలో వచ్చిన ఈ రెండు చానెళ్లతో తెలుగింట రోజూ సాయంత్రం నింపవలసిన గంటలు ఒక్కసారిగా పెరిగిపోయాయి. గంటలు పెరిగినంత వేగంగా రచయితలు పెరగరు. అందుకే రోజువారీ సీరియల్ రాజ్యమేలింది. అత్తాకోడళ్ల కథను ఎంతకాలమైనా సాగదీయవచ్చు, హాస్యాన్ని అలా సాగదీయలేం. ఏడుపును ఒక సన్నివేశం నుంచి మరో సన్నివేశానికి మోసుకుపోవచ్చు. నవ్వు ఏ సన్నివేశానికి ఆ సన్నివేశంలో కొత్తగా పుట్టాలి. ఈ ఒక్క తేడా అర్థమైతే, హాస్యాన్ని రోజువారీ బండికి కట్టకూడదని గంగరాజు గారు ఎందుకు నిర్ణయించుకున్నారో అర్థమవుతుంది.

అప్పటికి ఆయన సినిమా మనిషి. 1996లో 'లిటిల్ సోల్జర్స్' తీశారు, తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల కథ. 'అమృతం' నడుస్తున్న ఆరేళ్లలోనే నిర్మాతగా 2003లో 'ఐతే', 2005లో 'అనుకోకుండా ఒక రోజు' తెచ్చారు. ఆ రెండింటికీ దర్శకుడైన చంద్రశేఖర్ యేలేటి 'అమృతం' తొలి భాగాలకు దర్శకత్వం వహించినవాడే. 'ఐతే'కు తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. ఆయన నిర్మాణంలో భాగమైన 'బొమ్మలాట'కూ అదే గౌరవం దక్కింది. పెద్ద తారలు లేకుండా, కథనే పెట్టుబడిగా పెట్టిన సినిమాలు ఇవి. ఈ జాబితా చెబుతున్నది ఆయన గొప్ప కోసం కాదు. టీవీలో ఆయన చేసినదీ సినిమాలో చేసినదీ ఒకే స్వభావం నుంచి వచ్చాయని చూపడానికి. ఏది పెడితే అమ్ముడుపోతుందో అందరికీ తెలిసిన చోట అది పెట్టకుండా ఉండే స్వభావం అది. రాసి ఊరుకునేవాడికి ఆ స్వభావం ఉంటే ఉద్యోగం పోతుంది. నిర్మాత కూడా తానే అయినప్పుడు అది ఒక పద్ధతి అవుతుంది.

'అమృతం' 2001 నవంబర్ 18న, ఆదివారం, జెమినీలో మొదలైంది. 2007 నవంబర్ 18న, అదీ ఆదివారమే, ముగిసింది. మొత్తం 313 భాగాలు. ఆరేళ్ల ఆదివారాలు లెక్కపెడితే ఆ సంఖ్యకు దాదాపు సరిపోతాయి, అంటే వారానికి ఒకటి, అంతకు మించి లేదు. వారానికి అయిదు రోజులు వచ్చే సీరియల్ ఇదే సంఖ్యను పధ్నాలుగు పదిహేను నెలల్లో దాటేస్తుంది. ప్రకటనలు తీసేసి భాగానికి 22 నిమిషాలే వేసుకున్నా 313 భాగాలంటే దాదాపు 115 గంటలు, రెండున్నర గంటల సినిమాలు 45 తీసినంత నిడివి. అంత హాస్యాన్ని ఒక్క హోటలు, ఒక్క ఇల్లు, అరడజను మనుషుల మధ్య పుట్టించారు. ఇందులో వేరే రచయితల చేతులూ కలిశాయి, కలవకుండా సాధ్యమూ కాదు. కానీ కొలబద్ద ఒక్కరి చేతిలో ఉంది.

ఆ కొలబద్ద ఏమిటో సీరియల్ కట్టడంలోనే కనిపిస్తుంది. అమృతరావు, ఆంజనేయులు ఇద్దరు స్నేహితులు. ఎలాగైనా డబ్బు సంపాదించాలి, అదీ త్వరగా. 'అమృత విలాస్' అనే హోటలు పెట్టారు. సర్వం అక్కడ పనివాడు. అప్పాజీ ఇంటి యజమాని. సంజీవని, శాంత భార్యలు. ప్రతి ఆదివారం ఒక ఉపాయం పుడుతుంది, అది బెడిసికొడుతుంది, అరగంట అయ్యేసరికి ఇద్దరూ బయలుదేరిన చోటికే వచ్చి నిలబడతారు. హోటలు లాభాల్లోకి రాదు. మనుషులు మారరు. పోయిన వారం నేర్చుకున్న బుద్ధి ఈ వారానికి గుర్తుండదు. కొందరు దీన్ని లోపమన్నారు, పాత్రలు ఎదగడం లేదన్నారు. ఎదగనివ్వకపోవడమే ఇక్కడ రచయిత చేసిన కష్టమైన పని. ఒక్కసారి హోటలు బాగుపడితే ఆశ చచ్చిపోతుంది, ఆశ చచ్చిపోతే నవ్వూ పోతుంది. ఆరేళ్లలో ఏదో ఒక మలుపు దగ్గర, చూసేవాళ్లు తగ్గుతున్నారేమోనన్న భయంతో, ఒక చావో ఒక కిడ్నాపో ఒక కన్నీటి ఫ్లాష్‌బ్యాకో పెట్టమని ఎవరైనా అడుగుతారు. అవి మిగతా అన్ని సీరియళ్లలోనూ వచ్చాయి. 'అమృతం' మాత్రం తన కట్టడాన్ని విడిచి ఆ దారి పట్టలేదు. వాటిని ఆపగలిగే అధికారం రచయితకు జీతం ఇచ్చేవాడిదే. ఇక్కడ ఆ ఇద్దరూ ఒక్కరే.

టీవీ లెక్కలు కొంచెం తెలిసినవారికి ఇంకో సంగతీ తెలుసు. చానెలు తన డబ్బుతో కార్యక్రమం తీయించుకునే పద్ధతి ఒకటి. నిర్మాత చానెల్‌లో సమయాన్ని తీసుకుని, ప్రకటనలు తానే అమ్ముకుని, నష్టమొస్తే తానే భరించే స్లాటు పద్ధతి మరొకటి. దక్షిణాదిలో రెండోది చాలాకాలం నడిచింది. మొదటి పద్ధతిలో నిర్మాతకు నిశ్చింత ఎక్కువ, హక్కు తక్కువ. రెండోదానిలో నిద్ర తక్కువ, హక్కు ఎక్కువ. తన సృష్టి మీద హక్కు ఉన్నవాడే దాన్ని తర్వాత మళ్లీ చేతుల్లోకి తీసుకోగలడు. 'అమృతం' ఆగిపోయాక యూట్యూబ్‌లోకి వచ్చి, అది మొదలైనప్పటికి పుట్టనివాళ్లు కూడా చూసేలా బతికింది. 2014లో గంగరాజు గారే 'చందమామలో అమృతం' సినిమా తీశారు. 2020 ఉగాదికి జీ5లో 'అమృతం ద్వితీయం' వచ్చింది. ఒక తెలుగు టీవీ హాస్యానికి దాదాపు ఇరవై ఏళ్ల ఆయుష్షు ఇలా దక్కింది.

ఈ వాదన మీద రాగల ఆక్షేపణల్లో బలమైనది ఈ సభకు అసలు కారణమైన మనిషి నుంచే వస్తుంది. హాస్యాన్ని నిలబెట్టేది రచయితా, నటుడా? అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. ముఖ్యపాత్రకు ముఖం ఇన్నిసార్లు మారినా సీరియల్ కుంగలేదు. నా వాదనకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ అదే సీరియల్‌లో ఆంజనేయుల్ని మార్చలేదు. ఆరేళ్లూ హనుమంతరావు గారే. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు రాసిన ప్రారంభగీతం కూడా పిలిచేది ఆంజనేయుల్నే. అంటే రచయిత అంతటివాడైనా ఒక నటుడి మీద ఆనుకుని నిలబడ్డాడన్నమాట. ఇది నిజం, దీన్ని ఒప్పుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. అయితే ఆ నటుడు చేసిందేమిటో దగ్గరగా చూడండి. ఉపాయం అమృతరావుది, పర్యవసానం ఆంజనేయులుది. మాట అమృతరావు ఎత్తుతాడు, ఆ మాట మీద అనుమానం ఆంజనేయులు ముఖంలో ముందు పుడుతుంది, నోట్లో తర్వాత. హనుమంతరావు గారి గొప్పతనం ఆ మధ్యనున్న క్షణంలో ఉంది. ఆ క్షణానికి చోటు ఉండాలి. సన్నివేశాన్ని హడావుడిగా కోసేసే చోట, ప్రతి మాటకూ వెనక నుంచి డోలు శబ్దం వేసే చోట, లావునో బట్టతలనో పట్టుకుని వెక్కిరించడమే జోకు అయిన చోట ఆ క్షణం దొరకదు. సినిమాల్లో ఆయనకు వచ్చిన ఎన్నో పాత్రలు రెండు నిమిషాలవి, ఒక దెబ్బతో ఒక అరుపుతో ముగిసేవి. అదే మనిషికి ఇక్కడ ఊపిరి తీసుకునేంత చోటు దొరికింది. నటుడు గొప్పవాడు కాబట్టే ఆ చోటును నింపాడు. చోటును మాత్రం రచయిత ఇచ్చాడు, నిర్మాతగా దాన్ని కాపాడాడు.

వేరే దేశాల్లోనూ ఇదే కనిపిస్తుంది. అమెరికాలో నార్మన్ లియర్ 1971లో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' మొదలుపెట్టి, జాతిద్వేషం నిండిన ఒక తండ్రిని ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టి దేశాన్ని నవ్వించాడు. మాట మార్చమన్న చానెలుతో పేచీ పడగలిగాడంటే ఆయన రాసేవాడే కాదు, నిర్మాత కూడా. ఇంగ్లండులో జాన్ క్లీస్, కొనీ బూత్ కలిసి రాసి నటించిన 'ఫాల్టీ టవర్స్' కూడా హోటలు కథే. 1975లో 6, 1979లో 6, మొత్తం 12 భాగాలు. అంత పేరొచ్చాక ఇంకో వంద రాయడం ఎవరికైనా ఆశ పుట్టించే పనే. వాళ్లు రాయలేదు. హిందీలో 1984లో దూరదర్శన్‌లో వచ్చిన 'యే జో హై జిందగీ'ని శరద్ జోషీ రాశారు. వ్యంగ్య రచయితగా అప్పటికే ఆయనకున్న పేరు సీరియల్‌కు బలమైంది. ఇక కుప్పం వంటి చోట, ఒకే ఇంట్లో మూడు భాషల చానెళ్లు తిరిగే చోట, చూసేవాళ్లకు ఇంకా ఎక్కువ తెలుసు. తమిళంలో క్రేజీ మోహన్, కన్నడంలో 'పాప పాండు' తీసిన సిహికహి చంద్రు, తెలుగులో గంగరాజు. ముగ్గురూ రచనను తమ గుప్పిట్లో ఉంచుకున్నవాళ్లే.

ఇంకో ఆక్షేపణ జీవనోపాధి గురించి. వారానికొకటి రాసుకునే దొరతనం అందరికీ ఎక్కడిది, రోజువారీ సీరియల్ వందల కుటుంబాలకు అన్నం పెడుతోంది కదా అంటారు. పెడుతోంది, కాదనను. 2013 ఫిబ్రవరిలో మొదలైన 'జబర్దస్త్' ఎందరో పేదింటి కుర్రాళ్లకు వేదికైంది. అక్కడ జట్టు నాయకులే తమ స్కిట్లు రాసుకుంటారు, రాసినవాళ్లే ఆడతారు. నా వాదన ప్రకారం ఇది మంచి ఏర్పాటే కావాలి, ఆ మేరకు నేను దాన్ని గౌరవిస్తాను. పల్లె నుంచి బస్సెక్కి పోయిన పిల్లవాడు తన మాట తానే రాసుకుని లోకాన్ని నవ్వించడం చిన్న విషయం కాదు. కానీ వాక్యం వాళ్లది, పగ్గం వాళ్లది కాదు. పోటీకి మార్కులు ఉంటాయి, నవ్వు ఆ నిమిషంలోనే రావాలి, వచ్చేవారం మళ్లీ కొత్తగా గెలవాలి. ఆ ఒత్తిడిలో మగవాడికి చీర కట్టడం, ఒకరి ఒంటి రంగును ఎత్తిపొడవడం దగ్గరిదారులవుతాయి. ఆ కుర్రాళ్ల కన్నా ఎక్కువ నీతి గంగరాజు గారికి ఉందని నేననడం లేదు. ఆయనకు తొందరపడకుండా ఉండే వీలుంది, వాళ్లకు లేదు. ఆ వీలు కల్పించే ఏర్పాటు గురించే నేను మాట్లాడుతున్నాను.

నిర్మాత కూడా తానే అయితే రచయిత ఎప్పుడూ గెలుస్తాడా అంటే, గెలవడు. 'చందమామలో అమృతం' థియేటర్లలో ఆడలేదు. చంద్రుడి మీద హోటలు పెట్టడం ఆ ఇద్దరి ఆశకు తగిన ఊహే. కానీ అరగంటలో బయలుదేరిన చోటికి తిరిగిరావడమే ప్రాణమైన కథను సినిమా నిడివికి సాగదీస్తే ఆ తిరుగుదారి కనపడకుండా పోయింది. ఇక్కడ ఆయనకు వద్దని చెప్పేవాళ్లు లేకపోవడమే నష్టమైందని ఒకరు అనవచ్చు. అందులో సత్యం ఉంది. తన చేతిలోని అధికారాన్ని రచయిత తన మీద కూడా వాడుకోవాలి.

చివరగా మన సీమ నుంచి వచ్చే ఆక్షేపణ. ఇది నాకు అన్నిటికన్నా బరువైనది. 'అమృతం' మాట్లాడింది పట్నపు మధ్యతరగతి భాష. 'యాడికి పోతా ఉండావు' అని పలకరించుకునే కలికిరి ఆ హోటల్లో ఎప్పుడైనా టిఫిను తిన్నదా? తెర మీద రాయలసీమ అంటే కత్తీ బాంబూ, లేదా ఆ యాసను ఎగతాళి చేసే పనివాడు. నామిని 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు' చిత్తూరు పల్లెభాషలో రాసి, ఇంత నవ్వు ఇక్కడ ఉందని అచ్చులో నిరూపించి ఏళ్లవుతోంది. దామలచెరువులో కూర్చుని మధురాంతకం రాజారాం బడిపంతుళ్ల, రైతుల మందహాసాన్ని కథల్లో పట్టుకున్నారు. టెలివిజన్ ఆ గుమ్మం తొక్కలేదు. ఈ ఆక్షేపణకు నా దగ్గర తోసిపుచ్చే జవాబు లేదు. గంగరాజు గారు తనకు తెలిసిన మనుషుల్ని రాశారు, రాయాల్సిందీ అలాగే. మన మనుషుల్ని రాయాల్సినవాళ్లకు అటువంటి పగ్గం దొరకలేదు. ఇది నా వాదనను కొట్టేయదు, ఇంకా బలపరుస్తుంది.

ఆ పగ్గం దొరికితే ఏమవుతుందో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి చూపించింది. 'మై విలేజ్ షో' అనే పేరుతో ఆ ఊరివాళ్లు తమ మాటను తామే రాసుకుని, తామే తీసి, తామే యూట్యూబ్‌లో పెట్టారు. పొలం పనులు చేసుకునే గంగవ్వ తెలుగు రాష్ట్రాలకంతా తెలిసింది. ఆమె భాషను ఎవరూ దిద్దలేదు, దిద్దమని అడిగే అధికారం ఎవరికీ లేదు. మనకు ఇది కొత్తా? కడప జిల్లా సురభిలో 1885లో పుట్టిన నాటక సమాజం ఆడేవాళ్లే సొంతదారులైన కుటుంబం. తోలుబొమ్మలాటలో కేతిగాడికీ బంగారక్కకూ గొంతునిచ్చేవాడు, ఆ బొమ్మలు తయారుచేసుకున్నవాడు, ఊరి పెద్దతో బేరం కుదుర్చుకునేవాడు అంతా ఒక్క ఇంటివాళ్లే. ఇక మన ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం చూడండి. పగలు హరికథ, రాత్రి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ, అగ్నిగుండం. అన్ని రాత్రుల మధ్య ద్రౌపదికీ కీచకుడికీ నడుమ నిలబడి, టమాటా ధర గురించీ రాని బస్సు గురించీ మాట్లాడి జనాన్ని తెల్లవారుజాము దాకా మేలుకొలిపి ఉంచేవాడు హాస్యగాడు. అతని మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు, అతనే రచయిత. జట్టులో అతనికి ఆ చనువు ఉంది కాబట్టే అతని నోరు ఎవరూ కట్టలేదు.

హనుమంతరావు గారి ఆంజనేయులు ఆ హాస్యగాడికి దూరపు చుట్టం. ఆయన మాటలు 313 భాగాల్లో భద్రంగా ఉన్నాయి, ఎవరు ఎప్పుడు కావాలన్నా చూడవచ్చు. పుంగనూరు దగ్గరో పీలేరు దగ్గరో ఈ ఏడు భారతంలో అర్ధరాత్రి హాస్యగాడు చెప్పే మాటలు తెల్లారితే ఉండవు. మూడు భాషల సరిహద్దున, 1997 నుంచి, కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఈ వేసవిలో నలుగురు విద్యార్థుల్ని, రెండు కెమెరాల్ని పద్దెనిమిది రాత్రులు ఒక్క భారతం దగ్గర కూర్చోబెట్టమని, తీసిన దాని మీద హక్కు ఆ జట్టుకే ఉండేలా కాగితం రాసుకోమని ఈ సభ ద్వారా ఆ విశ్వవిద్యాలయాన్ని కోరుతున్నాను.